చెరువు లోతు – చేప జాడ



ఈ పూట చెరువు లోతును గురించి మాట్లాడుకుందాం. మన ఊరి చెరువు శిఖం ఎన్ని ఎకరాలని అడిగితే పెద్దవాళ్ళు తడుముకోకుండా చెబుతారు. ఆయకట్టు ఎంతని అడిగినా చెబుతారు. లోతెంత అని అడిగితే మాత్రం, "నిండితే ఏనుగు మునుగుతది సారూ" అని ఒకరు, "నడిమిట్ల మూడు బారలుంటది" అని ఇంకొకరు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం లేకపోలేదు. అయితే ఆ మూడు బారలు ఏ చోట ఉన్నవి, నీరు ఏ మట్టంలో ఉన్నప్పుడు ఉన్నవి, పూడిక పడిన తరువాత కూడా ఉన్నవా? ఇది తెలియకపోతే వల ఎక్కడ వేయవలెనో, చేపపిల్లలు ఎన్ని వదలవలెనో తెలియదు. పశువులు దిగేచోట ప్రమాదం ఉన్నదో లేదో కూడా తెలియదు.

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలవారు ఇది విని, "చెరువుతో మాకేమి పని? మాకు చేపలంటే రాంనగర్ మార్కెట్టే గదా" అనుకోవచ్చును. మృగశిర కార్తె నాడు ఆ మార్కెట్టులో కాలు పెట్టే సందుండదు, నిజమే. కాని ఈ మూడు పేటలకు ఎగువన హుస్సేన్‌సాగర్ ఉన్నది. 1562 ప్రాంతాన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ ఆధ్వర్యాన కట్టిన చెరువది. అలుగు దాటిన నీరు కవాడిగూడ నుండి నాలాగా దిగి, దోమలగూడ, అశోక్‌నగర్, నారాయణగూడ, నల్లకుంట, అంబర్‌పేట ప్రాంతాల మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. 2000 సంవత్సరం ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడ్డది. అప్పుడు ఈ నాలా ఒడ్డున ఉన్న ఇండ్లలోకి నీళ్ళు వచ్చిన సంగతి అశోక్‌నగర్ పెద్దలు మరచి ఉండరు.

నిండిన చెరువుకు కొత్త నీటిని ఇముడ్చుకునే చోటు ఉండదు. వానకు ముందే మట్టం తగ్గించి పెడితే చోటు దొరుకుతుంది. ఎంత దొరుకుతుందనేది, ఏ మట్టం దగ్గర నీరు ఎంత వెడల్పున పరచుకున్నదో తెలిస్తే గాని చెప్పలేము. 100 హెక్టార్ల నీటిమీద ఒక మీటరు తగ్గిస్తే 10 లక్షల ఘనపు మీటర్ల చోటు. ఒడ్లు పళ్ళెంలాగా వాలిన చెరువైతే మీటరు దిగేసరికి ఆ వైశాల్యమే తరిగిపోతుంది, లెక్క మారిపోతుంది. కనుక లోతుల పటము జాలరికి ఎంత అవసరమో, చెరువు కింద కాపురమున్న వానికీ అంతే అవసరము.

హుస్సేన్‌సాగర్ లోతును మనవాళ్ళు కళ్ళారా చూచిన సందర్భం ఒకటున్నది. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని బల్లకట్టు మీద నడిమి రాతిగుట్ట వైపు తీసుకుపోతుండగా బల్లకట్టు ఒరిగింది. 58 అడుగుల ఏకశిల, సుమారు 450 టన్నుల బరువు, నీటి అడుగుకు పోయింది. మనుషుల ప్రాణాలు కూడా పోయినవి. రెండేండ్లకు పైగా బుద్ధుడు ఆ బురదలో పండుకున్నాడు. 1992లో పైకి తీసి, డిసెంబరు 1న నిలబెట్టినారు. పైన నీరు అద్దంలాగా ఉన్నంత మాత్రాన అడుగున ఏమున్నదో కంటికి తెలియదని చెప్పుటకు ఇంతకంటె పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

ఇక కొలత సంగతికి వద్దాం. అన్నిటికంటె పాతది తాడు, గుండు. మన జాలర్లు పుట్టిలో కూర్చుండి తాటి తాడుకు రాయి కట్టి వదిలేవారు. రెండు చేతులు చాచి తాడును లాగిన పొడవు ఒక బార, అనగా సుమారు ఆరడుగులు. ఓడల మీద ఇంగ్లీషువారు కొలిచే ఫాదమ్ కూడా ఆరడుగులే. మనిషి చేతులు అన్ని దేశాలలోనూ ఒక్కటే కదా! ఈ పద్ధతికి ఖర్చు లేదు, ఈనాటికీ పనికివస్తుంది. రాయికి బదులు అడుగు చదునుగా ఉన్న ఇనుప గుండు కట్టండి. అడుగడుగుకు రంగు గుడ్డ ముడి వేయండి. గుండు అడుగున కొవ్వు గాని సబ్బు గాని రాస్తే దానికి అంటుకు వచ్చిన దాన్ని బట్టి కింద ఇసుకా, బంకమట్టా, నాచా అనేది తెలుస్తుంది. గాలికి పుట్టి జరిగితే తాడు వాలుగా పోయి లోతు ఎక్కువగా చూపుతుంది. అందుచేత గాలిలేని తెల్లవారుజాము ఈ పనికి మంచి వేళ.

తాడుకు బదులు శబ్దాన్ని దింపి కొలిచేదే సోనార్. కొండ ఎదుట నిలబడి కేకవేస్తే కేక తిరిగి వినబడుతుంది గదా, అదే సూత్రం. 1826లో జెనీవా సరస్సు మీద కొలడాన్, స్టర్మ్ అనే ఇద్దరు నీటిలో గంట కొట్టి, అదే క్షణంలో మందుగుండు వెలిగించి, దూరాన ఉన్న పడవలో వెలుగుకు, మోతకు నడుమ కాలం కొలిచినారు. సెకనుకు సుమారు 1,435 మీటర్లని తేలింది. అది చల్లని నీరు. మన చెరువుల వెచ్చని నీటిలో శబ్దం మరికొంచెం వేగంగా, సెకనుకు 1,500 మీటర్ల దరిదాపులో పోతుంది. గాలిలో కంటె నాలుగు రెట్లు ఎక్కువ వేగమన్నమాట. 1912లో టైటానిక్ మునిగిన తరువాత నీటి కింది వస్తువులను శబ్దంతో కనిపెట్టే ప్రయత్నాలు ముమ్మరమైనవి. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం లాంజెవిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ విద్యను ముందుకు తెచ్చినాడు. దాన్ని చేపల వేటకు పనికివచ్చే పరికరంగా 1948లో జపానులో ఫురునో సోదరులు తీర్చిదిద్దినారు.

పరికరం ఇట్లా పనిచేస్తుంది. పడవ అడుగున కట్టిన చిన్న బిళ్ళ నుండి మన చెవికి వినరాని సన్నని శబ్దం కిందికి పోతుంది. అడుగును తాకి తిరిగి వస్తుంది. పోయివచ్చిన కాలాన్ని శబ్దవేగంతో గుణించి సగం చేస్తే లోతు. 10 మీటర్ల లోతున్నచోట పోయి రావడానికి సెకనులో నూరింట ఒకటిన్నర వంతు కూడా పట్టదు. ఆ లెక్క యంత్రమే చేసి తెరమీద అంకె చూపుతుంది. మనం చూచుకోవలసినవి వేరే ఉన్నవి.

మొదటిది, బిళ్ళ నీటిపై మట్టానికి ఎంత కింద ఉన్నదో ఆ కొలత కలపవలె. అరడుగు కింద కట్టితే ప్రతి అంకెకూ అరడుగు కలపాలి. రెండవది, పని మొదలుపెట్టే ముందు ఒక ఇనుప పళ్ళేన్ని కొలత తాడుతో బిళ్ళ కిందికి సరిగ్గా రెండు మీటర్లు దింపి యంత్రం రెండు మీటర్లే చూపుతున్నదా అని సరిచూచుకోవాలి. ఈ పని చేయకుండా తెచ్చిన కొలతలను నేనైతే నమ్మను. మూడవది, శబ్దం దారంలాగా నిట్టనిలువున పోదు. గొడుగులాగా విచ్చుకుంటుంది. 20 డిగ్రీల కోణమున్న బిళ్ళ 10 మీటర్ల లోతున దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు చోటును చూస్తుంది. ఆ చోటులో సన్నని గుంట ఉంటే దాని ఒడ్డునే చూపి, గుంటను దాచివేయవచ్చును. నాలుగవది పూడిక. మెత్తని బురద ఉన్నచోట 200 కిలోహెర్ట్‌జుల శబ్దం సాధారణంగా బురద పైననే తిరిగివస్తుంది. 50 కిలోహెర్ట్‌జుల శబ్దం బురదలోకి కొంత దిగవచ్చును. రెండు శబ్దాలూ గల పరికరముంటే రెంటి తేడాను బట్టి బురద మందం అంచనాకు రావచ్చును. అట్టిది లేకపోతే పాత వెదురు గడ ఉన్నది, గుచ్చి చూడండి!

ఒంటి లోతులతో పటం కాదు. ముందు చెరువు హద్దు కాగితం మీద ఉండాలి. సర్వే ఆఫ్ ఇండియావారి యాభై వేల స్కేలు పటాలలో చెరువు నీలిరంగులో కనబడుతుంది. కాని వాటిలో ఎత్తు గీతల నడుమ తేడా మన ప్రాంతంలో సామాన్యంగా 20 మీటర్లు. ఊరి చెరువు లోతు నాలుగైదు మీటర్లు మించదు. కనుక ఆ పటంలో చెరువు లోపలి సంగతి దొరకదు. ఊరి చెరువుకు గ్రామ నక్షా, నీటిపారుదల శాఖవారి చెరువు మెమొయిర్ మేలు. పూర్తి నీటిమట్టం, తూము అడుగు మట్టం, కట్ట మట్టం అందులో ఉంటవి.

పెద్ద జలాశయాల సంగతి వేరు. అక్కడ ఆనకట్ట కట్టకముందు వేసిన పాత పటం బంగారంతో సమానం. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేసినారు, 1967లో కాలువలకు నీరు వదిలినారు. అంతకు ముందరి పటంలో కృష్ణ పాత పారకం, దానిలో కలిసే వాగులు, లోయలోని పల్లెలు, దారులు అన్నీ ఉన్నవి. నేడు అవన్నీ నీటి అడుగున ఉన్నవి. నాగార్జునకొండ మాత్రం దీవిగా మిగిలింది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. పాత పటంలో 500 అడుగుల ఎత్తుగీత మీద ఉన్నచోట సాగర్ నిండినప్పుడు 90 అడుగుల లోతు అని కాగితం మీదనే చెప్పవచ్చును. పూడిక మందం అందులోంచి తీసివేయాలి. పూడిక తక్కువేమీ కాదు. కట్టినప్పుడు 408 టి.ఎం.సి.లని లెక్కవేసిన సాగర్ సామర్థ్యం తరువాతి కొలతలలో 312 ప్రాంతానికి దిగింది. 112 టి.ఎం.సి.ల శ్రీరాంసాగర్ 1994 కొలతలో 90 ప్రాంతానికి వచ్చింది. ఈ అంకెలు తేలినవి కూడా పడవల మీద గీతలు గీతలుగా తిరిగి లోతులు కొలిచినందువల్లనే.

ఖర్చులేని ఉపాయం మరొకటి. మే నెలలో చెరువు ఎండినప్పుడు కట్ట మీద నిలబడకండి, లోపలికి దిగి నడవండి. పాత వాగు పారకం ఎటు పోయిందో, రాళ్ళు, తుమ్మ మొద్దులు, పాడుబడ్డ బావి ఎక్కడ ఉన్నవో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. నేడు చేతిలోని ఫోనులోనే ఉపగ్రహ స్థానం తెలుస్తున్నది. ఆ అంకెలు రాసి ఉంచుకుంటే ఆశ్వయుజంలో చెరువు నిండినా ఆ మొద్దు మీదికే పడవను తీసుకుపోవచ్చును. చెరువు దిగుతున్నకొద్దీ నీటి అంచును పది పదిహేను రోజులకొకసారి గుర్తించి, ఆ రోజు తూము దగ్గరి మట్టం రాసుకుంటే ప్రతి అంచూ ఒక సమాన లోతు గీత అవుతుంది. ఉపగ్రహ ఛాయాచిత్రాలతో జలాశయాల పూడికను లెక్కకట్టే శాస్త్రజ్ఞుల పద్ధతి కూడా ఇదే.

నీరున్నప్పుడు కొలిస్తే కట్టకు అడ్డంగా 50 మీటర్లకొక గీత చొప్పున పడవ నడపాలి. ప్రతి లోతు పక్కన స్థానం, వేళ రాయాలి. విస్తరణ కార్యకర్తలు ముఖ్యంగా గమనించవలసినది: ఆనాటి నీటిమట్టం రాయని లోతు ఎందుకూ పనికిరాదు. పూర్తి మట్టం 100 మీటర్లు, కొలిచిననాటి మట్టం 98.80 అనుకుందాం. ఒకచోట లోతు 3.50 వచ్చింది. అడుగు మట్టం 95.30. చెరువు నిండితే అక్కడ లోతు 4.70. పటం మీద రాయవలసినది అడుగు మట్టము. నీరు ఎక్కుతుంది, దిగుతుంది, అడుగు అక్కడనే ఉంటుంది.

ఇక చేప ఎక్కడ ఉంటుంది? లోతు ఎక్కడ ఎక్కువో అక్కడ చేప ఎక్కువ అనుకోవడం పొరపాటు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రవ్వ నడిమి నీటిలో, మ్రిగాల అడుగున. ఎండాకాలం పైనీరు వేడెక్కి అడుగునీటితో కలవకుండా ఉంటే అడుగున ప్రాణవాయువు తగ్గుతుంది. మురుగు చేరిన చెరువులో మరీ తగ్గుతుంది. అటువంటి చోట లోతైన గుంట చేపలు లేని గుంట. తెర మీద చేపల గుర్తులు నడిమి లోతులో ఒక వరుసగా ఆగి, కింద ఏమీ లేకపోతే ఈ సంగతి అనుమానించండి. సాధారణంగా చేప నిలిచేది లోతు మారేచోట: పాత వాగు అంచున, మొద్దుల పక్కన, కట్ట రాతి పేర్పు వాలున, కొత్తనీరు చేరే మూలన. కొత్తనీటికి ఎదురెక్కే గుడ్ల చేపను మాత్రం పట్టవద్దు. మరుసటి ఏటి పంట దాని కడుపులోనే ఉన్నది.

తెర చదవడం రెండు మూడు రోజులలో అలవాటవుతుంది. కుడి అంచున ఉన్నది ఇప్పటిది, ఎడమకు జరిగినది గడచినది. రాతి అడుగు గట్టి గీతగా వస్తుంది, ఒక్కొక్కప్పుడు రెట్టింపు లోతున దాని నీడ కూడా పడుతుంది. మెత్తని బురద మసకగా వస్తుంది. కదిలే పడవ కింద చేప ఉంటే దాని దూరం తగ్గి మళ్ళీ పెరుగుతుంది కనుక విల్లులాగా వంపు గీత వస్తుంది. శబ్దాన్ని ముఖ్యంగా తిప్పికొట్టేది చేప కడుపులోని గాలితిత్తి. అందుచేతనే గాలిబుడగలను చూచి యంత్రం మోసపోతుంది. బురద నుండి వాయువు బుగ్గలు లేచే చెరువులో తెర నిండా చేపలే! కొన్ని యంత్రాలు చేప బొమ్మలు గీసి చూపుతవి. ఆ బొమ్మలను ఆపివేసి అసలు గీతలు చూడటం మంచిది. కొర్రమీను కోసం మాత్రం సోనార్ కొనకండి. అది గాలి పీల్చే చేప, తూటికాడల నడుమ, నాచులో, మోకాలి లోతులో ఉంటుంది. దాని జాడ గంగపుత్రుల కంటికే తెలుసు.

హుస్సేన్‌సాగర్‌లో వల వేయవచ్చునా అని నగర శ్రోతలు అడుగుతారు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దానిలో చేరుతున్నవి. ఆ నీటి చేపను తినమని నేను చెప్పను. లోతు కొలత నేర్చుకొనుటకు మాత్రం మంచి బడి.

లోతు పటము ఎక్కువగా అక్కరకు వచ్చేది రైతుకూ జాలరికీ తగవు వచ్చినప్పుడు. యాసంగి వరికి చివరి తడి కావాలని ఆయకట్టు రైతు తూము తెరవమంటాడు. నీరు పోతే చేప చస్తదని సొసైటీవారు మూయమంటారు. ఇద్దరిదీ బ్రతుకుతెరువే. తూము అడుగు మట్టానికి దిగువన మిగిలే నీరు చేపల వాటా. ఆ వాటా ఎంతో తెలియకనే జగడం. నిండితే 40 హెక్టార్లు, తూము మట్టం దగ్గర 6 హెక్టార్లు ఉండే చెరువు అనుకోండి. ఆ 6 హెక్టార్లలో సగటు లోతు రెండు మీటర్లయితే 1,20,000 ఘనపు మీటర్ల నీరు. పూడికపడి అర మీటరే ఉంటే 30,000. ఎండలకు రోజుకొక సెంటీమీటరు చొప్పున ఆవిరైతే రెండు నెలలలో 60 సెంటీమీటర్లు పోతుంది. మొదటి చెరువులో చేప బ్రతుకుతుంది, రెండవ దానిలో చేప మాట అటుంచి కప్ప కూడా మిగలదు. రెంటికీ శిఖం ఒక్కటే. 40 హెక్టార్ల లెక్కన పిల్లలు వదిలితే రెండవ చెరువులో సగం పెరిగిన చేపను మార్చిలోనే అగ్గువకు అమ్ముకోవలసి వస్తుంది. పటం ముందు పెట్టుకొని, తూము ఏ మట్టం దగ్గర మూయాలి, చేప ఏ నెలలో తీయాలి అనేది సెప్టెంబరులోనే ఒప్పుకుంటే ఏప్రిల్‌లో కర్రలు లేవవు.

ఇంకొక మాట ప్రాణానికి సంబంధించినది. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత చాలా చెరువులలో పూడిక తీసినారు. ఆ మట్టి పొలాలకు మేలు చేసింది. అయితే యంత్రాలతో ఒకేచోట లోతుగా తవ్విన గుంటలు ఒడ్డు నిట్టనిలువుగా ఉండి నీరు చేరాక కనబడవు. మోకాలి లోతులో నడిచే పిల్లవాడు మరుసటి అడుగుకు రెండు నిలువులు దిగిపోతాడు. బర్రెలు కడిగేవారు, వల లాగేవారు కూడా ఇట్లా పోయినవారే. ఇటువంటి గుంటలను సోనార్ గొడుగు దాచవచ్చునని పైన చెప్పినాను. కనుక ఒడ్డు దగ్గర గడతోనే వెతకాలి, ఎండాకాలం కొలతలో ముందు వీటినే రాయాలి. గుంట అంచున పొడవాటి వెదురు పాతి ఎర్రగుడ్డ కట్టండి. సర్పంచికి, బడి పంతులుగారికి పటం నకలు ఒకటి ఇవ్వండి.

కొలతకు పోయేటప్పుడు పుట్టిలో ఒంటరిగా పోకూడదు. ఇద్దరుండాలి, ఇద్దరికీ తేలే జాకెట్టు ఉండాలి. ఒకరు తెడ్డు వేస్తే ఒకరు రాయాలి. బ్యాటరీ తడవకుండా డబ్బాలో పెట్టండి. సోనార్ ఒక్కొక్కరు కొనవలసిన పనిలేదు. నాలుగు సొసైటీలు కలిసి ఒకటి కొన్నా, వంతులవారీగా ఒక్కొక్క చెరువుకు మూడు రోజులు చాలును. పటం తయారైన తరువాత తూము గోడమీద మట్టం గీతలు తెల్లరంగుతో వేయించి, ప్రతి గీత పక్కన ఆ మట్టం దగ్గర నీరెన్ని ఎకరాలలో ఉంటుందో రాయించండి. మొదటి వానలకు ముందే, రంగు ఆరేటట్లు.